పెంచలకోన నడకకు కాటన్ సాక్స్ వేసుకొస్తే ఏంది తప్పు?

ఉలవపాడు సపోటా:
వచ్చే నెల పెంచలకోన అడవి నడకకు గ్రూపులో నోటీసు పెట్టారు. బూట్లు, నీళ్ళు, టోపీ వరకు సరే. చివర్లో "కాటన్ సాక్స్‌తో రావద్దు, ఉన్ని కలిసినవి కొనుక్కోండి" అని ఉంది. మన ఎండలో ఉన్ని! ఆన్‌లైన్‌లో చూస్తే జత రూ.900. నేను 20 ఏళ్ళుగా కాటనే వేస్తున్నా. చెమట పీల్చేది కాటనే అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. కారణం ఎవరైనా చెప్తారా?

వెలికొండ దారి:
నోటీసు రాసింది నేనే అన్నా. కాటన్ పీలుస్తుంది, నిజమే. పీల్చింది తొందరగా వదలదు, అదీ గొడవ. తడిసిన నూలు చర్మానికి అతుక్కుంటుంది. అడుగు వేసినప్పుడల్లా లోపల ఎముక కదులుతుంది, పైచర్మం సాక్స్‌తో పాటు ఆగిపోతుంది. ఆ లాగుడుకి చర్మంలో పొర విడిపోయి నీరు చేరుతుంది. అదే బొబ్బ. నేను కొనమన్నది మెరినో అనే జాతి గొర్రెల ఉన్ని, మన కంబళి కాదు. పోగు సన్నగా 20 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూ ఇటూ ఉంటుంది, గుచ్చుకోదు. తేమను పోగు లోపలికి తీసుకుంటుంది కాబట్టి కాలికి తడి అంతగా తెలియదు. ఉత్త ఉన్ని అయితే త్వరగా చిరుగుతుందని నైలాన్ కలుపుతారు. మందపాటివి అక్కర్లేదు, మనకు సన్నవి చాలు.

చేపల పులుసు:
సాయంత్రానికి ఆ కాటన్ సాక్స్ విప్పితే కోనలో కోతులు కూడా దగ్గరికి రావు 😄

ఉలవపాడు సపోటా:
కంబళి కాదంటారు గానీ ఉన్ని ఉన్నే గదా. ఒక్కటి అడుగుతా. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉంటుందా? ఉండదు. ఉండేది పొట్టి వెంట్రుకలే. దాన్ని మాంసానికే పెంచుతారు. ఈ ఎండలో గొర్రెకే అక్కర్లేనిది నా కాలికెందుకు?

కావలి గాలి:
పాయింటే సామీ.

రాపూరు మంద:
నెల్లూరు గొర్రెల్లో మూడు రకాలూ మా ఇంట్లో ఉన్నాయి. పల్ల తెల్లది, జోడిపికి మూతి దగ్గర, కళ్ళ చుట్టూ నల్లమచ్చలు, దొర ఎర్రది. దేనికీ ఉన్ని లేదు, సపోటా అన్న చెప్పింది కరెక్టే. కానీ మా గొర్రెలు బూట్లు వేసుకోవు.

వెలికొండ దారి:
గొర్రెను వదిలేద్దాం. మామూలు గాలిలో పోగు తన బరువులో ఎంత తేమ పట్టి ఉంచుతుందో బట్టల మిల్లులవాళ్ళు లెక్క కట్టి పెట్టారు. ఉన్ని 16 శాతం, నూలు 8.5, నైలాన్ 4, పాలిస్టర్ 0.4. ఇది నా సొంత లెక్క కాదు.

ఉలవపాడు సపోటా:
అంటే ఉన్నే ఎక్కువ నీళ్ళు తాగుతుంది! మీరే చెప్పారు!

వెలికొండ దారి:
తాగినా పైకి తడి తెలియనివ్వదు అని అంతకుముందే రాశాను. చదవండి.

మార్కాపురం పలక:
నేను ఫిజియోథెరపిస్టుని, ఒక మాట. 1990లో హెరింగ్, రిచీ అనే ఇద్దరు పాదాల డాక్టర్లు పరుగెత్తేవాళ్ళ మీద పరీక్ష చేశారు. ఎక్రిలిక్ (ఒక రకం సింథటిక్ దారం) సాక్స్ వేసుకున్నప్పుడు కాటన్‌తో కంటే బొబ్బలు తక్కువ వచ్చాయి, వచ్చినవీ చిన్నవే. 1993లో వాళ్ళే వేరే అల్లిక సాక్స్‌తో మళ్ళీ చేస్తే రెంటికీ తేడా కనబడలేదు. అంటే దారంతో పాటు అల్లిక కూడా చూసుకోవాలి. నన్నడిగితే అన్నిటికంటే ముందు సైజు. ఫ్రీ సైజు జతలు చిన్న కాళ్ళవాళ్ళకు మడమ దగ్గర ముడతలు పడతాయి, ఆ ముడతే కోస్తుంది. వేళ్ళ దగ్గర కుట్టు ఉబ్బెత్తుగా ఉందేమో లోపల చెయ్యి పెట్టి చూడండి. బూట్లు కొనేటప్పుడు ఆ సాక్సే వేసుకుని వెళ్ళండి. సాక్స్ మందం మారితే బూటు బిగుతవుతుంది.

ఉలవపాడు సపోటా:
చూశారా! 1993! తేడా లేదు! నోటీసు తీసేయండి వెలికొండ గారూ.

వెలికొండ దారి:
మీకు కావలసిన సగమే చదువుతారు. ఉదయగిరి దుర్గం ఎక్కిన రోజు ఎవరు సగంలో కూర్చున్నారో, కాళ్ళకు ఏ సాక్స్ ఉన్నాయో గ్రూపులో అందరికీ తెలుసు.

ఉలవపాడు సపోటా:
అదన్నమాట సంగతి. అయితే నేనూ చెప్తా. రెండు మడమలూ బొబ్బలెక్కి అడుగు పడలేదు. "ఇక్కడే కూర్చోండి, ఇట్టా పోయి అట్టా వస్తాం" అన్నారు. మూడు గంటలు! ఒక్క బాటిల్ నీళ్ళు. పైన మసీదు దగ్గర అందరూ ఫోటో దిగి "మా టీమ్ మొత్తం" అని గ్రూపులో పెట్టారు. ఆ ఫోటో నేను రాయి మీద కూర్చుని ఫోన్లో చూశా. ఇప్పుడు నోటీసు చూడగానే నాకోసమే రాశారని అర్థమైంది.

వెలికొండ దారి:
కింద మొదటి మలుపులోనే మంట మొదలైందని తర్వాత మీరే అన్నారు. అప్పుడే చెప్తే టేపు వేసేవాణ్ణి, నా సంచిలోనే ఉంది. మీరు నోరు విప్పలేదు. మీ ఒక్కరి కోసం 11 మందిని దించమంటారా? 3,079 అడుగుల కొండ అది. కృష్ణదేవరాయలకే ఏడాదిన్నర ముట్టడి పట్టింది, 1514 దాకా చిక్కలేదు.

చేపల పులుసు:
రాయలవారే ఏడాదిన్నర కింద కూర్చున్నారు, మీరు మూడు గంటలకే అలిగితే ఎట్టా అన్నా 😄

ఉలవపాడు సపోటా:
ఆయన ఒంటరిగా కూర్చోలేదు.

పొదిలి అక్క:
నవ్వులాట ఆపండయ్యా. ఆయన ఎందుకు చెప్పలేదో ఎవరైనా అడిగారా? నేనూ నెమ్మదిగానే నడుస్తా. కాలు నొప్పని ఒకతూరి అన్నాను. తర్వాత రెండు నడకలకు నన్ను పిలవలేదు. అప్పటినుంచి నొప్పి వచ్చినా అనను. నోటీసులో అందరి కంటే వెనక ఎవరు నడుస్తారో రాశారా? రాయలేదు. సాక్స్ గురించి మాత్రం నాలుగు లైన్లు.

వెలికొండ దారి:
అక్కా, నేను ముందుండాలి, దారి తెలిసింది నాకే. వెనక ఉండమంటే ఎవరూ ఒప్పుకోరు. అందరికీ ముందు ఎక్కి ఫోటో దిగాలి. కాళ్ళు పాడుకాకపోతే వెనకబడేవాళ్ళే ఉండరని సాక్స్ సంగతి రాశాను. ఆయన్ను అవమానించాలని కాదు.

రాపూరు మంద:
వెనక నేనుంటా. మందను తోలేవాడు ఎప్పుడూ వెనకే గదా.

ఉలవపాడు సపోటా:
నేను కాటన్‌తోనే వస్తా. రెండు జతలు తెచ్చుకుంటా, తడిస్తే మధ్యలో మార్చుకుంటా. దానికి ఆగుతారా?

వెలికొండ దారి:
ఐదు నిమిషాలు.

ఉలవపాడు సపోటా:
పది.

రాపూరు మంద:
ఆ దారంతా ఉత్తరేణి. ఉన్నికైనా నూలుకైనా గింజలు పట్టేస్తాయి. అవి పీక్కోవడానికే పది నిమిషాలు చాలవు అన్నా.