సమస్యాపూరణం: "తల్లికంటె పిల్ల తనువు పెద్ద"

నిర్వాహకుడు: గోదావరి పటం ముందేసుకుని కూర్చుంటే ఈ పాదం తట్టి నవ్వొచ్చింది. గోదావరి పరివారం దాటి పోకండి. ఏనుగులు, గున్నలతో పూరణలు వద్దు.

అవధానప్రియ:
వార్ధ వైనగంగ వరదలు కలబోసి
ప్రాణహితగ మారి పరుగుదీసి
గోద గలియుచోట గొప్పగా గనిపించు
తల్లికంటె పిల్ల తనువు పెద్ద

ఇందూరు మాస్టారు: ధార బాగుంది. మాది కూడా చూడండి.
మహిని బాలఘాటు మలలలో జనియించి
మంజిరమ్మ యుత్తరమున కేగి
కందకుర్తికడను గలసిన తరుణాన
తల్లికంటె పిల్ల తనువు పెద్ద

కోనసీమ కుర్రాడు: మాస్టారూ, రెండో పాదంలో 'మం'కి 'ర'తో యతి ఎలా కుదిరింది?

ఇందూరు మాస్టారు: భావం చూడవయ్యా. ఆగ్నేయంగా పారుతున్న నది ఉన్నట్టుండి ఉత్తరానికి తిరగడం ఎంత వింత!

అవధానప్రియ: వింతే. కానీ నిజాంసాగర్, సింగూరు రెండూ ఆపుకోగా కందకుర్తి దాకా వచ్చే మంజీర తల్లిని మించుతుందా? ఇక యతి సంగతి కొత్తేం కాదు. పోయిన నెల కృష్ణ సమస్యలో భీమానదిని కుడిగట్టున కలిపిన చెయ్యే కదా ఇది.

ఇందూరు మాస్టారు: పటం ఎటు పట్టుకుంటే అటు కుడి.

అవధానప్రియ: నది పారే వైపు ముఖం పెట్టి చూడాలండీ. అలా చూస్తే భీమ ఎడమ, తుంగభద్ర కుడి. అప్పుడూ ఇదే చెప్పాను.

కోనసీమ కుర్రాడు: కృష్ణ గొడవ ఆపండి. అవధానప్రియ గారూ, అసలు ఉపనది పిల్ల ఎలా అవుతుంది? అది నీళ్లు తెచ్చి పోసేది. తల్లి నుంచి పుట్టేది పాయ.
త్ర్యంబకమ్మునందు ధారగా మొదలయి
ధవళగిరిని దాటి దారి చీలి
కడలి చేరువేళ గౌతమిం గనినచో
తల్లికంటె పిల్ల తనువు పెద్ద

నిర్వాహకుడు: త్ర్యంబకానికి 'ధార'తో యతి! శభాష్.

అవధానప్రియ: యతికి శభాషే, లెక్కకు కాదు. త్ర్యంబకం దగ్గరి ధారను, యానాం దగ్గరి గౌతమిని పక్కపక్కన పెట్టడమంటే అమ్మ ఉయ్యాల ఫోటో పక్కన కూతురి పెళ్లి ఫోటో పెట్టినట్టుంది. చీలేచోట కొలవండి. కాటన్ దొర 1852 నాటి ఆనకట్టను నాలుగు ముక్కలుగా కట్టాల్సి వచ్చింది, అంత వెడల్పు అక్కడ. ఆ నీళ్లే గౌతమి, వశిష్ఠ పంచుకుంటాయి. వశిష్ఠలోంచి మళ్లీ వైనతేయ చీలుతుంది. పంచుకున్న పాయ మొత్తం కంటే పెద్దదెలా అవుతుంది?

కోనసీమ కుర్రాడు: మరి మీ ప్రాణహిత పొడవు 113 కిలోమీటర్లు. గోదావరి 1,465. తనువు పెద్దా?

అవధానప్రియ: తనువంటే పొడవేనా? గోదావరి పరీవాహకం దాదాపు 3.12 లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో సుమారు 1.09 లక్షలు ఒక్క ప్రాణహితదే, మూడో వంతు పైన. కాళేశ్వరం దగ్గర ఈ నీళ్లు కలుస్తాయనే కదా మేడిగడ్డను ఆ దిగువన కట్టారు.

కోనసీమ కుర్రాడు: పెద్దదే, ఒప్పుకుంటా. పిల్ల మాత్రం కాదు. త్ర్యంబకంలో పుట్టినామెకు వార్ధాలో పుట్టినామె కూతురా?

పెన్నేటి పంతులు: ఇద్దరూ గోదావరిలోనే కొట్టుకుపోతున్నారు. ఉపనది పిల్ల కాదు, నిజమే. పాయ పిల్లే, కానీ తల్లిని మించదు. మిగిలింది సంగమంలో పుట్టిన నది. వార్ధా, వైనగంగ కలిసిన చోటు నుంచే ప్రాణహిత అనే పేరు. ఇద్దరి నీళ్లూ ఒక్కతే మోస్తుంది కనుక ఏ తల్లికంటేనైనా పెద్దదే. పూరణ అవధానప్రియ గారి మొదటి రెండు పాదాల్లోనే ఉంది, మూడోదాంట్లో ఊరికే గోదను లాక్కొచ్చారు. అది మారిస్తే చాలు:
వార్ధ వైనగంగ వరదలు కలబోసి
ప్రాణహితగ మారి పరుగుదీసి
తల్లులిద్దరిచ్చు ధనమెల్ల మోయగా
తల్లికంటె పిల్ల తనువు పెద్ద

కోనసీమ కుర్రాడు: పంతులు గారికి వీరతాడు.

అవధానప్రియ: మూడు పాదాల్లో రెండు నావి. వీరతాడు ఆయనకా?

నిర్వాహకుడు: చెరి సగం. మాస్టారూ, మీ రెండో పాదం "మంజిరమ్మ పైకి మరలి వచ్చి" అంటే యతి కుదురుతుంది, ఉత్తరమూ పోదు. మార్చమంటారా?

ఇందూరు మాస్టారు: మార్చండి. భీమ మాత్రం కుడిగట్టునే.