పదేళ్ల పిల్లాణ్ణి వారం రోజుల స్కౌట్ క్యాంపుకి పంపాలా, వద్దా?

కోనసీమ అమ్మ:
మా బాబుకి మొన్ననే పదేళ్లు నిండాయి. స్కౌట్స్‌లో చిన్నపిల్లల విభాగమైన కబ్ నుంచి స్కౌట్‌లోకి మారాడు. మే నెలలో రాజమండ్రి అవతల ఒక మామిడితోటలో వారం రోజులు క్యాంపు అని బడిలో చెప్పారు. పిల్లల దగ్గర ఫోన్ ఉండకూడదట, మధ్యలో మేం చూడటానికి వెళ్లకూడదట, రాత్రికి మాస్టారే గ్రూపులో మెసేజ్ పెడతారట. మావారు పంపుదామంటున్నారు. మా అత్తయ్యగారు "అన్నం కలిపి పెడితేగానీ తినడు, ఈ ఎండల్లో వాణ్ణి తోటలకి పంపుతారా" అని రెండు రోజులుగా నాతో సరిగా మాట్లాడటం లేదు. నాకు ఇంకో టెన్షన్ ఉందండీ. నెలకి ఒకటి రెండుసార్లు వాడు ఇంకా పక్క తడుపుతాడు. మిగతా పిల్లల ముందు చిన్నబోతాడేమో. వాడైతే అప్పుడే సంచి సర్దేసుకున్నాడు. మీరైతే పంపుతారా?

పాలకొల్లు పాత స్కౌట్ మాస్టర్:
పంపండమ్మా. ముందు పక్క సంగతి చెబుతాను. నేను చాలా ఏళ్లు పిల్లల్ని క్యాంపులకి తీసుకెళ్లాను, ప్రతిసారీ అలాంటివాళ్లు ఇద్దరైనా ఉండేవారు. మాస్టారికి విడిగా చెప్పండి. రాత్రి పదకొండింటికి చప్పుడు కాకుండా లేపి బయటికి తీసుకెళ్తే చాలావరకు సరిపోతుంది. ముదురు రంగు దుప్పటి ఒకటి, నిక్కర్లు రెండు ఎక్కువ పెట్టండి. పొద్దున్నే అందరి దుప్పట్లూ ఎండలో వేయిస్తాం కాబట్టి ఎవరిది ఎందుకు ఆరేశారో ఎవరికీ తెలియదు.

అన్నం గురించి మీ అత్తయ్యగారికి బెంగ వద్దని చెప్పండి. ఆరేడుగురు పిల్లలు ఒక పాట్రోల్. వాళ్లలోనే ఒకడు లీడర్. ఒకరు నీళ్లు మోస్తారు, ఒకరు వడ్డిస్తారు, ఒకరు గిన్నెలు కడుగుతారు. తనతోపాటు ఆకలితో కూర్చున్నవాళ్లు కలుపుకుని తింటుంటే వీడూ తింటాడు. 1907 ఆగస్టులో ఈ స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పవెల్ ఇంగ్లండ్‌లో బ్రౌన్‌సీ దీవి మీద పెట్టిన మొదటి క్యాంపు కూడా సుమారు వారమే. పెద్దింటివాళ్ల బడుల పిల్లల్నీ, పనిచేసుకునే ఇళ్ల పిల్లల్నీ కలిపి పాట్రోళ్లుగా విడదీశాడు. మన దగ్గర సర్కారు బడి పిల్లాడూ కాన్వెంటు పిల్లాడూ ఒకే చాప మీద పడుకునేది ఇంకెక్కడ చెప్పండి? నాకు క్యాంపంటే ప్రాణం అందుకే.

లంక ఊరి నాన్న:
మాస్టారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, నేను పంపను. రెండు కారణాలు. మొదటిది నీళ్లు. వేసవిలో కాలువలు కట్టేస్తారు, గోదావరి పాయల్లో ఇసుక తేలుతుంది, పెద్దవాళ్లకి కూడా భయం పోతుంది. కానీ ఇసుక తవ్విన గోతులు నీటి కింద కనబడవు. మోకాలి లోతులో నడుస్తూ ఇంకో అడుగు వేస్తే మనిషి లోతు. మా ఊళ్లో ఇద్దరు పిల్లలు అలాగే పోయారు, ఒడ్డున పెద్దవాళ్లు ఉండగానే. నలభై మంది పిల్లలకి ముగ్గురు మాస్టార్లుంటే ఎవరిని చూస్తారు?

రెండోది ఫోన్. పిల్లాణ్ణి ఎవరైనా కొట్టినా, ఏడిపించినా, తాకకూడని చోట తాకినా వాడు ఎవరితో చెప్పుకోవాలి? మాస్టారు పెట్టే మెసేజ్‌లో అందరూ బాగున్నారనే ఉంటుంది. అమ్మతో మాట్లాడే దారి మూసేసే ఏ ఏర్పాటూ నాకు నచ్చదు.

భీమవరం పిన్ని:
మా అనుభవం చెబుతానండీ. రెండేళ్ల క్రితం మా అమ్మాయి గైడ్స్ క్యాంపుకి వెళ్లింది. దాని దగ్గర ఫోన్ దాచి పంపింది నేనే. రెండో రాత్రి ఏడుస్తూ చేసింది. మూడో రోజు పొద్దున్నే కారు వేసుకుని వెళ్లి తెచ్చేసుకున్నాం. ఇంటికొచ్చాక రెండు రోజులు ముంజలు కూడా ముట్టలేదు. ఐదో రోజు అడిగింది, "అమ్మా, క్యాంప్ ఫైర్‌లో నా పాట ఎవరు పాడుంటారు?" అని. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ రాత్రి ఫోన్ లేకపోతే పక్క పిల్లతో చెప్పుకుని పడుకునేదే. బెంగ మొదటి రెండు మూడు రాత్రులే ఎక్కువ, సరిగ్గా అప్పుడే మేం వెళ్లాం.

లంక ఊరి నాన్న:
పిన్నిగారూ, మీ అమ్మాయిది బెంగే, ఒప్పుకుంటాను. బెంగ కానిది అయ్యుంటే ఆ ఫోనే కాపాడేది కదండీ. అది బెంగో కాదో పిల్ల నోటితో వినకుండా మనకెలా తెలుస్తుంది?

పాలకొల్లు పాత స్కౌట్ మాస్టర్:
నాన్నగారు అడిగింది న్యాయం. ఫోన్ పిల్లాడి జేబులో వద్దంటాను నేను, కానీ "అమ్మతో మాట్లాడాలి" అని ఏ పిల్లాడైనా అడిగితే కాదనే హక్కు మాస్టారికి లేదు. అప్పుడు మాస్టారు పక్కన నిలబడి వినకూడదు కూడా. ఇది మా రోజుల్లో పాటించలేదు, ఏడ్చినవాణ్ణి ఆటలోకి తోసేవాళ్లం. తప్పే.

నీళ్ల విషయంలో నేను ఇంకా కఠినం. క్యాంపు తోటకి దగ్గర్లో ఏరుగానీ చెరువుగానీ ఉందా అని అడగండి. ఉంటే, ఈత ప్రోగ్రాం ఉందా, తాడు పట్టుకుని ఒడ్డున ఎవరుంటారు, పిల్లల్ని ఇద్దరిద్దరు జంటలుగా విడదీసి లెక్క ఎవరు చూస్తారు అని అడగండి. "ఏం కాదండీ, మేం చూసుకుంటాం" అని మాత్రమే అంటే పంపకండి. ఎండ సంగతీ అంతే. పొద్దున ఎనిమిది తర్వాత డ్రిల్లు పెట్టేవాళ్లకి మే నెల గురించి తెలియదన్నమాట.

కోనసీమ అమ్మ:
నిన్న బడికి వెళ్లి అన్నీ అడిగాను. తోటలో బోరే, దగ్గర్లో చెరువు లేదు, ఈత లేదు. మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు దాకా నీడలోనే ముడులూ ప్రథమ చికిత్సా నేర్పుతారట. ఫోన్ గురించి అడిగితే మొదట కాస్త నసిగారు. పిల్లాడు అడిగితే ఇవ్వాల్సిందే అన్నాను, సరేనన్నారు. పక్క సంగతి చెబితే ఆయన నవ్వలేదు, పుస్తకంలో రాసుకున్నారు. నాకు సగం భారం అక్కడే దిగింది.

లంక ఊరి నాన్న:
అడిగి మంచి పని చేశారమ్మా. నేనైతే ఇంకో రెండేళ్లు ఆగుతాను. ఒక్క మాట, వెళ్లేముందు వాడికి మీ నంబర్ నోటికి వచ్చేలా చెప్పించండి.

కోనసీమ అమ్మ:
వచ్చేసిందండీ, వాళ్ల నాన్నది కూడా. రాత్రి అత్తయ్యగారే కంచం వాడి ముందు పెట్టి "నువ్వే కలుపుకో" అన్నారు. ఆవకాయ ఎక్కువ వేసుకుని కళ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడు, మెతుకు వదల్లేదు. సోమవారం పొద్దున ఆరింటికి బస్సు.