ఐస్‌లాండ్ అండర్-21 జట్టు 2011లో గ్రూప్ దశలోనే నిష్క్రమించినా దాన్ని ఇప్పటికీ ఎందుకు తలుచుకుంటారు?

ప్రశ్న: మధ్యగీత

అందరికీ నమస్కారం. యూరప్‌లోని చిన్న దేశాల ఫుట్‌బాల్ గురించి కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. ఐస్‌లాండ్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా 2016 యూరో, 2018 ప్రపంచ కప్పులతో పాటు, 2011 జూన్‌లో డెన్మార్క్‌లో జరిగిన అండర్-21 యూరో పోటీల్లో ఆడిన జట్టు మాట కూడా తప్పకుండా వస్తోంది. ఆ జట్టును ఆ దేశపు స్వర్ణ తరానికి తొలి మెట్టుగా చెబుతున్నారు. అయితే ఫలితాలు చూస్తే అది బెలారస్ చేతిలో 0-2తో, స్విట్జర్లాండ్ చేతిలో 0-2తో ఓడి, చివరి మ్యాచ్‌లో ఆతిథ్య డెన్మార్క్‌ను 3-1తో గెలిచి ఇంటిదారి పట్టింది. మూడు మ్యాచ్‌ల్లో రెండు ఓడిన జట్టుకు ఇంత గౌరవం ఎందుకు దక్కిందో తెలుసుకోవాలని ఉంది.

ఆ గ్రూప్‌లో మూడు జట్లకు సమానంగా పాయింట్లు వచ్చాయని చదివాను. మరి బెలారస్ ఒక్కటే సెమీఫైనల్‌కు ఎలా వెళ్ళిందో నాకు అంతుపట్టలేదు. అంతకన్నా ముఖ్యమైన సందేహం మరొకటి ఉంది. జనాభా సుమారు 3,18,000 మాత్రమే ఉన్న దేశంలో ఒకే ఈడు పిల్లల్లో అంతమంది మంచి ఆటగాళ్ళు రావడం కేవలం అదృష్టమా, లేక దాని వెనుక ఒక ఏర్పాటు ఉందా? ఏర్పాటే ఉంటే, 2021లో మళ్ళీ అర్హత సాధించిన అండర్-21 జట్టు తర్వాత సీనియర్ జట్టు అదే ఎత్తుకు ఎందుకు చేరలేదు? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: ఎడమకాలు

మధ్యగీత గారూ, ముందుగా లెక్క సంగతి చూద్దాం. ఆ గ్రూప్ పట్టిక నాకు ఎప్పుడు చూసినా ఆశ్చర్యంగానే ఉంటుంది. స్విట్జర్లాండ్ మూడు మ్యాచ్‌లూ గెలిచింది. మిగిలిన బెలారస్, ఐస్‌లాండ్, డెన్మార్క్‌లకు తలా 3 పాయింట్లు వచ్చాయి. అంతే కాదు, ఈ మూడు జట్లూ గ్రూప్ మొత్తంలో 3 గోల్స్ చేసి 5 గోల్స్ ఇచ్చుకున్నాయి. అటువంటప్పుడు యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య అయిన యూఈఎఫ్‌ఏ నిబంధన ప్రకారం, సమానంగా నిలిచిన జట్లు తమలో తాము ఆడుకున్న మ్యాచ్‌లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. అలా చూస్తే బెలారస్ ఐస్‌లాండ్‌ను 2-0తో గెలిచి, డెన్మార్క్ చేతిలో 1-2తో ఓడింది కనుక 3 గోల్స్ చేసి 2 ఇచ్చింది. ఐస్‌లాండ్ 3 చేసి 3 ఇచ్చింది. డెన్మార్క్ 3 చేసి 4 ఇచ్చింది. ఆ ఒక్క గోల్ తేడాతోనే బెలారస్ ముందుకు వెళ్ళింది, అదీ తన చివరి మ్యాచ్‌లో స్విట్జర్లాండ్ చేతిలో 0-3తో ఓడిన తర్వాత.

డెన్మార్క్‌తో మ్యాచ్‌ను ఈ లెక్క మనసులో పెట్టుకుని చూడాలి. విరామం తర్వాత 58వ నిమిషంలో కోల్బేన్ సిగ్‌థోర్సన్, మరో రెండు నిమిషాలకే బిర్కిర్ బ్యార్నసన్ గోల్స్ చేశారు. 81వ నిమిషంలో డెన్మార్క్ ఒక గోల్ చేసింది. ఇంజురీ టైమ్‌లో హ్యోర్తుర్ లోగి వల్గర్ద్‌సన్ మూడో గోల్ చేశాడు. అప్పటికి ఐస్‌లాండ్‌కు కావలసింది ఇంకొక్క గోల్. 4-1 అయి ఉంటే గోల్ తేడాలో బెలారస్‌తో సమానమై, చేసిన గోల్స్ నాలుగు కావడం వల్ల సెమీఫైనల్‌కు ఐస్‌లాండే వెళ్ళేది. ఆ గోల్ రాలేదు. అయితే నా దృష్టిలో వాళ్ళు నష్టపోయింది ఆ రోజు కాదు, మొదటి మ్యాచ్‌లో. బెలారస్‌తో ఆట చివరి పావుగంట వరకు 0-0గా సాగింది. అప్పుడు ఆరొన్ గున్నార్సన్ రెడ్ కార్డుతో మైదానం వీడాడు, ఆ సందర్భంలో వచ్చిన పెనాల్టీతో బెలారస్ ముందంజ వేసింది, పదిమందితో ఆడుతున్న జట్టు ఆ తర్వాత రెండో గోల్ కూడా ఇచ్చుకుంది. ఓటమి ఎలాగూ ఓటమే అనుకుంటాం కానీ, ఆ రెండో గోల్ ఒక్కటి ఆపగలిగి ఉంటే తక్కిన ఫలితాలు యథాతథంగా ఉన్నా ఐస్‌లాండే ముందుకు వెళ్ళేది.

ఇక గౌరవం సంగతి. ఆ జట్టు డెన్మార్క్‌కు చేరిన దారి చూడకుండా దాన్ని అంచనా వేయలేం. అర్హత పోటీల్లో, 2009లో ఈ టైటిల్ గెలిచిన జర్మనీని 2010 ఆగస్టులో స్వదేశంలో 4-1తో ఓడించింది. ఆ గ్రూప్‌లో చెక్ రిపబ్లిక్ మొదటి స్థానంలో, ఐస్‌లాండ్ రెండో స్థానంలో నిలవగా, జర్మనీ తన టైటిల్‌ను నిలబెట్టుకునే పోటీకే రాలేకపోయింది. తర్వాత ప్లే ఆఫ్‌లో స్కాట్లాండ్‌ను స్వదేశంలో 2-1తో, నాలుగు రోజుల తర్వాత ఎడిన్‌బరోలో మళ్ళీ 2-1తో ఓడించింది. ఎడిన్‌బరోలో రెండు గోల్సూ గిల్వి సిగుర్ద్‌సన్‌వే.

ఇక్కడే ఒక నిర్ణయాన్ని గుర్తుంచుకోవాలి. ఎడిన్‌బరో మ్యాచ్ 2010 అక్టోబర్ 11న జరిగింది. ఆ మరునాడే రెయ్‌క్యావిక్‌లో సీనియర్ జట్టు పోర్చుగల్‌తో యూరో 2012 అర్హత మ్యాచ్ ఆడాల్సి ఉంది. ఉన్న కొద్దిమంది మంచి ఆటగాళ్ళను ఏదో ఒక జట్టుకే పంపగలరు. ఐస్‌లాండ్ ఫుట్‌బాల్ సంఘం అండర్-21 జట్టుకే ప్రాధాన్యం ఇచ్చింది. సీనియర్ జట్టు 1-3తో ఓడింది. ఒక దేశం తన సీనియర్ జట్టుకు నొప్పి కలిగినా సరే, ఇరవై, ఇరవై రెండేళ్ళ కుర్రవాళ్ళను విడదీయకుండా కలిపి ఆడించడం నాకు చాలా గొప్ప పనిగా తోస్తుంది. పెద్ద దేశంలో అటువంటి కుర్రవాళ్ళలో ఒకరో ఇద్దరో సీనియర్ జట్టుకు ఎదుగుతారు, మిగిలినవారు చెల్లాచెదురవుతారు. ఐస్‌లాండ్‌లో వారి కన్నా మెరుగైనవారు వేరే లేరు కనుక, ఒక ఈడు వారంతా ఒకరినొకరు ఎరిగిన జట్టుగానే పైకి వచ్చారు. 2011 నాటి ఆ ఓటమి కూడా వారంతా కలిసి పడిన ఓటమే.

సమాధానం: టర్ఫ్ మీద వాన

ఎడమకాలు గారు లెక్కను చక్కగా వివరించారు. అయితే అండర్-21 జట్టే అన్నిటికీ కారణం అన్న అభిప్రాయంతో నేను పూర్తిగా ఏకీభవించలేను. 2016 జూన్ 27న నీస్‌లో ఇంగ్లండ్‌ను 2-1తో ఓడించిన పదకొండు మందిని తీసుకుందాం. గిల్వి, ఆరొన్, బిర్కిర్ బ్యార్నసన్, యోహాన్ బెర్గ్ గుద్మున్‌సన్, కోల్బేన్ అనే ఐదుగురు 2011 జట్టువారే. అంటే మిడ్‌ఫీల్డ్‌లోని నలుగురికి నలుగురూ, ఒక స్ట్రైకరూ అక్కడి నుంచి వచ్చినవారే, విజయం తెచ్చిన గోల్ కూడా కోల్బేన్‌దే. కానీ గోల్‌కీపర్ హన్నెస్ హాల్దోర్సన్, సెంటర్ బ్యాక్‌లు రగ్నార్ సిగుర్ద్‌సన్, కారి ఆర్నసన్ ముగ్గురూ వయసులో పెద్దవారు. 2011 పోటీకి 1988 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారే అర్హులు కాబట్టి వారికి ఆ జట్టుతో సంబంధమే లేదు. ఆ వెన్నెముక లేకుండా ఇంగ్లండ్‌పై గెలుపు లేదు. 2011 చివర్లో సీనియర్ జట్టు బాధ్యత తీసుకున్న స్వీడన్ కోచ్ లార్స్ లాగర్‌బ్యాక్, ఆయనతో కలిసి పనిచేసిన హేమిర్ హాల్‌గ్రిమ్‌సన్ ఆ రెండు తరాలనూ ఒక క్రమశిక్షణలోకి తెచ్చారు. యూరో 2016లో ఐస్‌లాండ్ ఐదు మ్యాచ్‌లకూ అదే పదకొండు మందితో బరిలోకి దిగిందంటే, ఆ జట్టులో ఎవరి పని ఏమిటో ఎంత స్పష్టంగా నిర్ణయించారో అర్థమవుతుంది.

మీరు అడిగిన ‘ఏర్పాటు’ మాత్రం తప్పకుండా ఉంది. ఐస్‌లాండ్‌లో డిసెంబర్ నెలలో పగటి వెలుగు నాలుగైదు గంటలకు మించదు. చలి కన్నా గాలి ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఎత్తుగా వేసిన బంతి ఎటు పోతుందో తెలియని మైదానంలో పాస్ నేర్పడం ఎంత కష్టమో ఆలోచించండి. పాత తరం వారు శీతాకాలమంతా గట్టి నేల మీదో, వ్యాయామశాలల గచ్చు మీదో సాధన చేసేవారు. 2000లో కెఫ్లావిక్‌లో పూర్తి కొలతల ఇండోర్ మైదానం మొదటిసారిగా వచ్చింది. 2002లో రెయ్‌క్యావిక్‌లో ఎగిల్స్‌హోల్, పక్కనే ఉన్న కోపవోగుర్ పట్టణంలో ఫీఫన్ తెరుచుకున్నాయి. కృత్రిమ పచ్చిక, పైన కప్పు, చుట్టూ దీపాలు ఉండడంతో ఏడాది పొడవునా బంతి కాలి దగ్గర ఉంచి ఆడే అవకాశం కలిగింది. వీటిలో ఎక్కువ భాగం పురపాలక సంఘాలు కట్టించినవే. తర్వాతి సంవత్సరాల్లో ఫుట్‌బాల్ సంఘం దేశమంతటా బడుల పక్కన వందకు పైగా చిన్న టర్ఫ్ మైదానాలు వేయించింది. గిల్వి, కోల్బేన్, యోహాన్ బెర్గ్ 1989, 1990లలో పుట్టినవారు, అంటే ఆ మైదానాలు వచ్చేనాటికి సరిగ్గా పది, పన్నెండేళ్ళవారు. గిల్వి, యోహాన్ బెర్గ్, అదే 2011 జట్టులోని అల్‌ఫ్రెద్ ఫిన్‌బోగసన్ ముగ్గురూ ఆ కోపవోగుర్‌లోని బ్రేదాబ్లిక్ క్లబ్‌లో ఆడినవారే.

మైదానాల కన్నా నేను ఎక్కువ విలువిచ్చేది కోచ్‌లకు. చాలా దేశాల్లో ఆరేడేళ్ళ పిల్లలకు ఆట నేర్పేది ఎవరో ఒక పిల్లవాడి తండ్రి, అదీ ఉచితంగా. ఐస్‌లాండ్‌లో ఆ వయసు పిల్లలకు కూడా యూఈఎఫ్‌ఏ లైసెన్స్ ఉన్న, జీతం తీసుకునే కోచ్ నేర్పుతాడు. ప్రతిభ ఉన్నవారిని ఏరి వేరుచేసే పెద్ద అకాడమీలు లేవు, పేటలో ఉన్న క్లబ్‌లో చేరిన ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లవాడికీ ఆ కోచే దొరుకుతాడు. పిల్లలు తక్కువగా ఉన్న దేశం ఎవరినీ వదులుకోలేదు కదా. పురుషుల జట్టు కన్నా ఏడేళ్ళ ముందే, 2009లో, మహిళల సీనియర్ జట్టు యూరో పోటీలకు చేరిందన్న సంగతిని ఈ చర్చల్లో ఎవరూ పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

అయితే అంతా ఈ ఏర్పాటు ఖాతాలోనే వేయడం కూడా న్యాయం కాదు. బిర్కిర్ బ్యార్నసన్ చిన్నతనంలోనే కుటుంబంతో నార్వే వెళ్ళి అక్కడే ఆట నేర్చుకున్నాడు. గిల్వి పదహారేళ్ళ వయసుకే ఇంగ్లండ్‌లోని రెడింగ్ అకాడమీకి వెళ్ళాడు. ఆరొన్, కోల్బేన్, యోహాన్ బెర్గ్ ముగ్గురినీ నెదర్లాండ్స్‌లోని ఏజెడ్ ఆల్క్‌మార్ క్లబ్ కుర్రతనంలోనే తీసుకుంది. పదిహేనేళ్ళ వరకు ఇంటి దగ్గర మంచి పునాది, ఆ తర్వాత పెద్ద పోటీ ఉన్న చోట మెరుగు, ఈ రెండూ కలిసినప్పుడే ఆ ఆటగాళ్ళు తయారయ్యారు.

సమాధానం: నాలుగో రిఫరీ

2021 గురించి క్లుప్తంగా చెబుతాను. ఆ పోటీలు హంగరీ, స్లొవేనియాలలో జరిగాయి. ఐస్‌లాండ్ రష్యా చేతిలో 1-4తో, డెన్మార్క్, ఫ్రాన్స్‌ల చేతిలో 0-2తో ఓడింది. రష్యాపై చేసిన ఏకైక గోల్ స్వేన్ ఆరొన్ గుద్‌యోన్‌సెన్‌ది. 1996లో టాలిన్‌లో ఎస్టోనియాతో మ్యాచ్‌లో తండ్రి ఆర్నోర్ మైదానం వీడుతుండగా ఆయన స్థానంలోనే కొడుకు ఎయిదుర్ బరిలోకి దిగిన సంగతి ఫుట్‌బాల్ అభిమానులకు గుర్తుండే ఉంటుంది. ఆ ఎయిదుర్ కుమారుడే ఈ స్వేన్ ఆరొన్.

నా అభిప్రాయంలో 2010కీ 2021కీ ఉన్న తేడా ప్రతిభలో కన్నా పద్ధతిలో ఎక్కువ. అర్హత సాధించి పెట్టిన కోచ్ ఆర్నర్ విదర్సన్‌ను 2020 డిసెంబర్‌లో సీనియర్ జట్టుకు మార్చారు. అసలు పోటీల్లో కొత్త కోచ్‌తో ఆడాల్సి వచ్చింది. చివరి మ్యాచ్‌కు ముందు కొందరు ఆటగాళ్ళను సీనియర్ జట్టు ప్రపంచ కప్పు అర్హత మ్యాచ్ కోసం పిలిపించుకున్నారు. 2010లో సీనియర్ జట్టు త్యాగం చేసింది, 2021లో అండర్-21 జట్టు చేయవలసి వచ్చింది. అప్పటికే సెమీస్ అవకాశాలు దాదాపు లేవు కనుక ఆ నిర్ణయాన్ని తప్పు పట్టలేను. కానీ ఆ కుర్రవాళ్ళకు ఒకే కోచ్ కింద, ఒకే జట్టుగా పోటీని ముగించే అనుభవం దక్కలేదు. పైగా వారిని పైకి తెచ్చే సమయానికి సీనియర్ జట్టు హఠాత్తుగా ఖాళీ అయింది. 2012లో సీనియర్ జట్టులోకి వెళ్ళినవారికి పక్కన రగ్నార్, కారి వంటి అన్నలు ఉన్నారు. వీరికి అటువంటి తోడు చాలా తక్కువ. అయినా 2024 మార్చిలో యుక్రెయిన్‌తో ప్లే ఆఫ్ ఫైనల్‌లో ముందు గోల్ చేసి 1-2తో ఓడారంటే, యూరో 2024 వారికి ఒక్క మ్యాచ్ దూరంలోనే ఆగిపోయిందన్న మాట.

మధ్యగీత

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మూడు జట్లకూ 3 గోల్స్, 5 గోల్స్ అన్న సంగతి నేను పట్టిక ముందున్నా గమనించలేదు. ఇక ఒక చిన్న ప్రశ్న మిగిలింది. 2011 జట్టులో పేరు తెచ్చుకున్న ఐదారుగురి గురించే అందరూ రాస్తున్నారు. మిగిలినవారి సంగతి ఏమిటి?

సమాధానం: ఎడమకాలు

అడగవలసిన ప్రశ్నే అడిగారు. ఆ జట్టు కోచ్ ఎయోల్‌ఫుర్ స్వెరిసన్, ఆటగాడిగా జర్మనీలో స్టుట్‌గార్ట్, హెర్తా బెర్లిన్‌లకు ఆడినవాడు. ఆయన కుమారుడు హోల్మర్ ఎయోల్‌ఫ్‌సన్ ఆ జట్టులో డిఫెండర్. అక్కడ ఇంటిపేరు అంటే సాధారణంగా తండ్రి పేరే కనుక, ‘ఎయోల్‌ఫుర్ కొడుకు’ అన్న మాట అతని చొక్కా మీదే ఉండేది. హోల్మర్ 2016 జట్టులో లేకపోయినా 2018లో రష్యాకు వెళ్ళిన ప్రపంచ కప్పు జట్టులో ఉన్నాడు. అప్పటి వరకు ప్రపంచ కప్పుకు అర్హత సాధించిన దేశాల్లో జనాభాపరంగా అతి చిన్నది ఐస్‌లాండే. అక్కడ అర్జెంటీనాతో 1-1గా ముగిసిన మ్యాచ్‌లో గోల్ చేసిన అల్‌ఫ్రెద్ కూడా 2011 జట్టువాడే. ఆ జట్టులో మరో డిఫెండర్ యోన్ గుద్ని ఫ్యోలుసన్ సీనియర్ జట్టుకు ఆడాడు గానీ ఆ రెండు పెద్ద పోటీలకూ ఎంపిక కాలేదు. గోల్‌కీపర్ హరల్దుర్ బ్యోర్న్‌సన్ కూడా అంతే. డెన్మార్క్‌పై ఇంజురీ టైమ్‌లో మూడో గోల్ చేసి, జట్టును సెమీఫైనల్‌కు ఒక్క గోల్ దూరంలోకి తెచ్చిన వల్గర్ద్‌సన్ 2016లో ఫ్రాన్స్‌కు వెళ్ళిన ఇరవై ముగ్గురిలో లేడు.