తేర్చడం, వార్చడం, వడకట్టడం ఒకటేనా?

ప్రశ్న: మా అమ్మాయి సైన్సు పాఠంలో 'తేర్చడం' అని వచ్చింది. అంటే వడకట్టడమే కదా? గంజి వార్చడం కూడా ఇదేనా?

జవాబు: కాదండీ, మూడూ వేర్వేరు పనులు. వడకట్టడానికి గుడ్డో జల్లెడో కావాలి. తేర్చడానికి అవేవీ అక్కర్లేదు, గిన్నెను కదపకుండా ఉంచాలి, అంతే. మడ్డి అడుక్కి దిగి, పైనున్న నీరు తేరుతుంది. మారు-మార్చు, చేరు-చేర్చు లాగా తేరు-తేర్చు. తేరినదే తేట. మజ్జిగ తేట, సున్నపు తేట, చారు తేట మనం అంటూనే ఉంటాం. మనిషి దిగులు నుంచి 'తేరుకున్నాడు' అనడంలోనూ ఈ క్రియే ఉంది. దీనికి ఎదురు మాట కలగడం. కలక నీరు, మనసు కలత రెండూ అందులోంచే వచ్చాయి.

పాత తెలుగులో ఇది బండి ఱతో 'తేఱు'. రథం అనే అర్థంలో 'తేరు'కి మామూలు ర. మనం రాతలో ఆ తేడా వదిలేశాం, తమిళులు ఇప్పటికీ పాటిస్తున్నారు.

ఇక వార్చడం. గంజి వార్చేటప్పుడు మెతుకుల్ని మూత ఆపుతుంది. తేట తీసేటప్పుడు మడ్డిని ఆపేది ఏదీ ఉండదు, చెయ్యి నిదానంగా వంచడమే. అందుకే తేరాక పై నీటిని వంచే ఆ రెండో పనికి 'తేట ఒంపడం' అనే మాట నాకు సరిగ్గా అనిపిస్తుంది. తేర్చడం అంటే నీరు నిలకడగా తేటపడేలా చూడటం, ఒంపడం దాని తర్వాతి పని. పాఠంలో రెంటినీ విడిగా చెబితే పిల్లలకు ఎంతో మేలు.

మరో సభ్యుడు: మా అమ్మమ్మ ఏటి నీళ్ళలో ఏదో గింజ అరగదీసి వేసేది. అదేంటి?

జవాబు: ఇండుప గింజ, చిల్లగింజ అని కూడా అంటారు. బిందె లోపలి గోడకు రుద్దేవాళ్ళు కూడా ఉన్నారు. వరద నీటిలో బంకమట్టి రేణువులు మరీ సన్నగా ఉండి ఎంతకీ దిగవు. గింజలోని పదార్థం వాటిని ఉండలుగా కలిపితే బరువెక్కి అడుక్కి చేరతాయి. సంస్కృతంలో దీని పేరు కతకం. మనుస్మృతి ఆరో అధ్యాయంలో ఒక శ్లోకం ఉంది:

ఫలం కతకవృక్షస్య యద్యప్యంబుప్రసాదకమ్
న నామగ్రహణాదేవ తస్య వారి ప్రసీదతి

కతక ఫలం నీటిని తేర్చేదే అయినా, దాని పేరు పలికినంత మాత్రాన నీరు తేరదు అని భావం. తమిళంలో ఈ గింజ పేరు 'తేఱ్ఱాంకొట్టై'. అందులో ఉన్నది మన 'తేర్చు'కి సోదర క్రియే! ఇది తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

అడుగున మిగిలేదాన్ని మీ వైపు ఏమంటారో కూడా రాయండి. మడ్డి, మష్టు, గసి అనే మాటలు నేను విన్నాను. ఏ జిల్లాలో ఏది, నూనెకి ఏది, నీటికి ఏది అనేది కూడా చెబితే బాగుంటుంది.