రెండు రంగుల మఫ్లర్: ఊలు, హుక్, వరసల లెక్క

మినియాపొలిస్ (కొత్తగా వచ్చాను)

అందరికీ నమస్కారం. మాది నర్సాపురం వైపు. సన్న దారంతో లేసు అల్లడం వచ్చు కానీ ఊలు ఎప్పుడూ పట్టుకోలేదు. చలి ముదిరేలోపు మావారికి రెండు రంగుల డిజైన్ మఫ్లర్ అల్లాలని ఉంది. ఏ ఊలు కొనాలి, ఎంత పడుతుంది, హుక్ ఏ సైజు? వెనకవైపు దారాలు వేలాడని డిజైన్ ఏదైనా ఉంటే చెప్పండి. బాగా వస్తే దీపావళి మేళాలో స్టాల్ పెట్టి అమ్మొచ్చా?

డల్లాస్

లేసు వచ్చినవారికి ఇది కష్టం కాదమ్మా. చేతి బిగువు ఒక్కటే మార్చుకోవాలి. లేసులో దారం బిగించి లాగుతాం, ఊలును అలా లాగితే మఫ్లర్ అట్టలా తయారై మెడ చుట్టూ తిరగదు.

ఊలు చుట్టిన కాగితం మీద 1, 2, 3, 4 అని అంకె ఉంటుంది. 4 ఉన్నది తీసుకోండి, దాన్నే వర్‌స్టెడ్ అంటారు. హుక్ 5.5 మి.మీ., అమెరికా గుర్తు ఐ-9. 25 సెం.మీ. వెడల్పు, 150 సెం.మీ. పొడవుకి రెండు రంగులూ కలిపి సుమారు 400 మీటర్లు పడుతుంది. రెడ్ హార్ట్ సూపర్ సేవర్ పెద్ద ఉండ 198 గ్రాములు, 333 మీటర్ల దాకా వస్తుంది. రంగుకి ఒక్కటి చాలు, మిగులుతుంది కూడా. మైకెల్స్, హాబీ లాబీ, వాల్‌మార్ట్‌లలో చూడండి. పాత పోస్టుల్లో జోఆన్ దుకాణాల పేరు కనిపిస్తుంది, అవి 2025లో మూతపడ్డాయి.

రంగుల విషయంలో తొందరపడకండి. ఎరుపు, ముదురాకుపచ్చ పక్కపక్కన పెడితే కంటికి వేరుగానే కనిపిస్తాయి, అల్లాక మాత్రం డిజైన్ కలిసిపోతుంది. దుకాణంలోనే రెండు ఉండలూ పక్కపక్కన పెట్టి ఫోన్లో నలుపు-తెలుపు ఫోటో తీయండి. ఒకటి బాగా ముదురుగా, ఒకటి బాగా లేతగా కనిపిస్తేనే కొనండి.

చికాగో

మీరు అడిగినదానికి సరిపోయేది మొజాయిక్ క్రోషా. రెండు రంగులు కనిపిస్తాయి కానీ ఏ వరసలోనైనా చేతిలో ఉండేది ఒకటే ఊలు. ఒక్కో రంగుతో రెండేసి వరసలు. కొన్ని కుట్లు వదిలేసి పైన గొలుసు వేస్తాం. ఆ రంగు మళ్ళీ వచ్చినప్పుడు వదిలిన కుట్టులోకి పొడుగు కుట్టు దించుతాం. డిజైనంతా ఆ పొడుగు కుట్లదే. రంగు ఎప్పుడూ కుడి అంచునే మారుతుంది కాబట్టి ఊలు తెంచక్కర్లేదు, అంచు వెంటే పైకి వస్తుంది.

కుట్ల సంఖ్య నాలుగు గుణకాలకు మూడు కలిపితే రావాలి. మీకు 35. ముదురు రంగుతో 36 గొలుసులు వేయండి. ఈ మొదటి గొలుసు మాత్రం 6 మి.మీ. హుక్‌తో వేయండి, లేకపోతే కింది అంచు ముడుచుకుపోతుంది. ప్రతి వరస మొదట్లో తిరగడానికి వేసే ఒక గొలుసును కుట్టుగా లెక్కపెట్టకండి.

1, 2 వరసలు ముదురు: అన్నీ సింగిల్ కుట్లు (అమెరికా లెక్కలో సింగిల్ క్రోషా, పొట్టి కుట్టు), 35. రెండో వరస చివరి కుట్టులో ఆఖరి లాగుడు లేత రంగుతో లాగండి.

3, 4 లేత: 3 సింగిల్. తర్వాత (2 గొలుసులు, ఒక కుట్టు వదలాలి, 3 సింగిల్) ఎనిమిది సార్లు. నాలుగో వరసలో గొలుసు మీద గొలుసే, కుట్టు మీద కుట్టే.

5 ముదురు: 1 సింగిల్, 2 గొలుసులు, ఒకటి వదిలి, 1 సింగిల్. తర్వాత (లేత గొలుసుల ముందు నుంచి, రెండో వరసలో వదిలిన కుట్టులోకి 1 డబుల్ (పైన చెప్పిన పొడుగు కుట్టు), 1 సింగిల్, 2 గొలుసులు, ఒకటి వదిలి, 1 సింగిల్) ఎనిమిది సార్లు.

6 ముదురు: కుట్టు మీద సింగిల్, గొలుసు మీద 2 గొలుసులు. డబుల్ మీద కూడా సింగిలే.

7 లేత: 1 సింగిల్, నాలుగో వరసలో వదిలిన కుట్టులోకి 1 డబుల్, 1 సింగిల్. తర్వాత (2 గొలుసులు, ఒకటి వదిలి, 1 సింగిల్, 1 డబుల్, 1 సింగిల్) ఎనిమిది సార్లు.

8 లేత: నాలుగో వరసలాగే.

ఇక 5 నుంచి 8 వరకు తిరిగి తిరిగి అల్లుకుంటూ వెళ్ళండి. డబుల్ ఎప్పుడూ మూడు వరసల కింద వదిలిన కుట్టులోకే. ఇటుకల గోడలా వస్తుంది. 150 సెం.మీ.కి దాదాపు 60 సార్లు పడుతుంది. ఎనిమిదో వరస దగ్గర ఆపి, ముదురు రంగుతో 3 సింగిల్, (1 డబుల్, 3 సింగిల్) ఎనిమిది సార్లు, పైన ఒక వరస మామూలు సింగిల్ వేసి ముగించండి.

లండన్

బ్రిటన్‌లో ఉన్నవాళ్ళు పైది అలాగే చదివితే తప్పు వస్తుంది. అమెరికా సింగిల్ ఇక్కడ డబుల్, అమెరికా డబుల్ ఇక్కడ ట్రెబుల్. యూట్యూబ్ వీడియో ఏ దేశపు లెక్కలో చెబుతోందో ముందే చూసుకోండి. హుక్ మీద మాత్రం మి.మీ. అంకెనే నమ్మండి. ఇక్కడ వర్‌స్టెడ్‌కి దగ్గరగా ఉండేది ఆరన్. సులువుగా దొరికే డీకే ఊలు దానికన్నా సన్నం. దానికి 4 మి.మీ. హుక్, 35 బదులు 43 కుట్లు. బ్రాకెట్లో ఉన్నది ఎనిమిది బదులు పది సార్లు.

న్యూజెర్సీ

తప్పులు ఎక్కువగా ఎక్కడ వస్తాయో చెబుతాను. మొదటిది డబుల్ కుట్టు ఎత్తు. కిందికి దించిన ఊలును ఇప్పటి వరస ఎత్తు దాకా లాగాకే కుట్టు ముగించాలి. పొట్టిగా వదిలితే బట్ట గుంటలు పడి ముడుచుకుంటుంది, మరీ లాగితే కుట్టు ఉచ్చులా లేచి ఉంగరాలకు తగులుకుంటుంది. రెండోది, హుక్‌ను గొలుసుల ముందు నుంచే దించాలి. గొలుసులోకి పొడిస్తే లేత రంగు ముందుకొచ్చి గీత తెగిపోతుంది.

మఫ్లర్ ఒకవైపు సన్నబడుతోందంటే వరస చివరి కుట్టు వదిలేస్తున్నారన్నమాట. ప్రతి వరసా లెక్కపెట్టక్కర్లేదు, గొలుసు ఖాళీలు చూడండి చాలు: లేత వరసల్లో 8, ముదురు వరసల్లో 9. తేడా వస్తే అక్కడే విప్పేయండి. పది వరసలు పోయాక దిద్దడానికి దారి ఉండదు.

మినియాపొలిస్

చాలా థాంక్స్ అండీ. కుడి అంచున పైకి వచ్చే ఊలు బయటికి కనిపించదా? ఇదే లెక్కతో దుప్పటి కూడా వస్తుందా?

చికాగో

కొత్త రంగు ఎత్తుకునేటప్పుడు పాత ఊలును ఒక్క మెలిక తిప్పి వదులుగా పైకి తేండి. బిగిస్తే ఆ అంచు పొట్టిదై మఫ్లర్ విల్లులా వంగుతుంది. చివర్లో రెండు పొడవు అంచులకూ ముదురు రంగుతో ఒక వరస సింగిల్ వేస్తే ఊలంతా లోపలికి పోతుంది.

దుప్పటి వస్తుంది. మీటరు వెడల్పుకి 139 కుట్లు, బ్రాకెట్ 34 సార్లు. 120 సెం.మీ. పొడవుకి రంగుకి రెండు పెద్ద ఉండలు సరిగ్గా సరిపోతాయి, అందుకే మూడోది కూడా తెచ్చుకోండి. కాగితం మీద డై లాట్ నంబరు (ఒకేసారి రంగు వేసిన ఉండలకు ఇచ్చేది) ఉంటే ఒక రంగు ఉండలన్నిటికీ ఒకటే ఉండాలి. బిల్లు దాచుకుంటే మిగిలిన ఉండ వాపసు ఇవ్వొచ్చు.

డల్లాస్

నేను చెప్పిన రెడ్ హార్ట్ ఊలు అక్రిలిక్, అంటే సింథటిక్. దాని మీద ఇస్త్రీ పెట్టకండి. వేడికి కరిగి మెరుస్తూ చచ్చుబడుతుంది, మళ్ళీ కోలుకోదు. చల్లటి నీళ్ళలో ఉతికి పరిచి ఆరబెట్టండి.

స్టాల్ సంగతి: మీరు హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉండి ఈఏడీ (పని చేసేందుకు అనుమతి పత్రం) లేకపోతే అమ్మకం వద్దు. సొంతంగా అమ్ముకోవడం కూడా పని కిందికే వస్తుంది. బహుమతిగా ఎంతమందికైనా ఇవ్వండి. ఈఏడీ వచ్చాక అమ్మినా నర్సాపురం పేరు ఈ మఫ్లర్లకు తగిలించకండి. ఆ లేసుకి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, ఆ పేరు అక్కడ చేతితో అల్లిన లేసుకే చెల్లాలి.