అమ్మకి కిడ్నీ జబ్బు: సాయంత్రం టీలోకి ఏ ప్యాకెట్ కొనాలి?

ప్రశ్న (బరంపురం)

మాది కవిటి వైపు. ఉద్యోగం వల్ల పదేళ్లుగా బరంపురంలో ఉంటున్నాం. అమ్మకి అరవై ఒకటి. కిడ్నీ జబ్బు నాలుగో స్టేజీ, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె) 24. డయాలసిస్ ఇంకా లేదు. పోయిన నెల రక్తంలో పొటాషియం 5.6 వచ్చింది, ఉండాల్సినదాని కన్నా ఎక్కువ. సోడియం రోజుకి 2,000 మిల్లీగ్రాములు దాటకూడదన్నారు డాక్టర్ గారు. అంటే కూరలో, పచ్చడిలో, అన్నిట్లో కలిపి 5 గ్రాముల ఉప్పు.

వంటలో తగ్గించాం. చిక్కంతా సాయంత్రం నాలుగింటికి. టీతో ఏదో ఒకటి కరకరలాడాలి అమ్మకి. ఇన్నాళ్లూ మిక్చర్ తినేది. మొన్న ప్యాకెట్ వెనక చూస్తే 100 గ్రాములకి సోడియం 780. అమ్మ తినే రెండు గుప్పెళ్లు తూచాను, 50 గ్రాములు. 390 అక్కడే అయిపోయింది! టెన్షన్ వచ్చి 'సోడియం తక్కువ' అని రాసున్న చిప్స్ తెచ్చాను. ఊరి నుంచి వచ్చిన జీడిపప్పు కూడా ఉంది. ఇవి పెట్టొచ్చా? బిస్కెట్ ప్యాకెట్ మీద 500, 450 అని ఉంటాయి, అవేంటి? ప్రతిదీ వద్దంటుంటే అమ్మ ముఖం చిన్నబోతోంది. చూడలేకపోతున్నాను.

జవాబు (పర్లాకిమిడి)

బాబూ, ముందు ఆ చిప్స్ ఆపు. పదార్థాల వరసలో 508 ఉందేమో చూడు, కలిపిన వాటికి ఇలా నంబర్లు వేస్తారు. అది పొటాషియం క్లోరైడ్, ఉప్పు బదులు వేస్తారు. 5.6 ఉన్న మనిషికి అది గుండె మీదకి తెస్తుంది. ఇది తెలియక మా ఆయనకి రెండు నెలలు లో-సోడియం ఉప్పుతో వండాను. పొటాషియం 6.4కి పోయి రాత్రికి రాత్రి ఆస్పత్రికి పరిగెత్తాం. ఆ రాత్రి నేను మర్చిపోలేను.

అసలు బంగాళాదుంపలోనే పొటాషియం ఎక్కువ. జీడిపప్పులో 100 గ్రాములకి 600 మిల్లీగ్రాముల పైనే, పాడైన కిడ్నీ సరిగా బయటికి పంపలేని ఫాస్ఫరస్ కూడా దండిగా ఉంటుంది. ఇంటి పంట అని మనసు లాగుతుంది, అయినా పెట్టకు.

మా ఇంట్లో మరమరాలే. ఒడియా వాళ్ల ముఢీ. కొందరు బియ్యానికి ఉప్పునీళ్లు పట్టించి వేయిస్తారు, అందుకని నాలుగు గింజలు నోట్లో వేసుకుని చూసి కొను. చెంచా నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, పసుపు పోపు వేసి కలిపి, తినేముందు ఉల్లిపాయ తరుగు చల్లు.

జవాబు (ఇచ్ఛాపురం, డైటీషియన్)

500 అంటే వంటసోడా జాతి. ఉప్పగా ఉండదు గానీ సోడియమే. 450, 451, 452, ఇంకా 338 నుంచి 341 దాకా ఫాస్ఫేట్లు. పప్పుల్లో సహజంగా ఉండే ఫాస్ఫరస్‌లో చాలా భాగం ఒంటికి పట్టదు. ఫ్యాక్టరీలో కలిపినది మాత్రం దాదాపు అంతా పడుతుంది. పొటాషియం, ఫాస్ఫరస్ ఎంతున్నాయో మన ప్యాకెట్ల మీద సాధారణంగా రాయరు. అందుకే అంకెల పట్టికతో ఆగకుండా పదార్థాల వరస చదవండి. 'ఒక సర్వ్‌కి' అన్న అంకె చూసి మోసపోకండి, అది 20 గ్రాములకే అయి ఉండొచ్చు. పొటాషియం పరీక్ష మళ్లీ ఎప్పుడు చేయించాలో మీ డాక్టర్‌ని ఈ వారమే అడగండి.

ప్రశ్న అడిగినవారు

చిప్స్‌లో 508 ఉంది. తీసి పారేశాను. పిన్నిగారూ, ఈ సాయంత్రం ముఢీ పోపు వేశాను. అమ్మ గిన్నె ఖాళీ చేసి, రేపు నిమ్మకాయ పిండమంది. పిండొచ్చా?

జవాబు (పర్లాకిమిడి)

అరచెక్క పిండు బాబూ. పర్వాలేదు.