రిఫరీ చూడకపోయినా చెయ్యెత్తాలా? హైస్కూల్ ఆటల్లో క్రీడాస్ఫూర్తిపై చర్చ

పటమట పీఈటీ:
ఈ మధ్య విజయవాడలో ఒక అండర్-17 కబడ్డీ మ్యాచ్ చూశాను. కూతకొచ్చిన అబ్బాయి వేళ్లు కార్నర్‌లో ఉన్న పిల్లాడి మోచేతికి తగిలాయి. రిఫరీకి ఆ వైపు కనబడలేదు. తగిలిందని పిల్లాడికి తెలుసు. మోచెయ్యి వెనక్కి లాక్కుని నేలచూపులు చూస్తూ నిలబడిపోయాడు. అవతలి కోచ్ లేచాడు, ఇటు తండ్రులు లేచారు, కాసేపు బూతులే. ఆట అయ్యాక రెండు జట్లూ చేతులు కలపలేదు.

క్రీడాస్ఫూర్తిని అసెంబ్లీలో ప్రతిజ్ఞలా చదివిస్తే రాదు. మోచెయ్యి లాక్కున్న ఆ క్షణానికే ట్రైనింగ్ ఇవ్వాలి. వారానికోసారి రిఫరీ లేకుండా ప్రాక్టీస్ మ్యాచ్ పెడదాం. టచ్ అయినవాడు తనే చెయ్యెత్తి బయటికి వెళ్లాలి. దాంతోపాటు, విజిల్ పడ్డాక నోరు తెరిచే ముందు ఒక్క ఊపిరి పూర్తిగా వదలడం, పాదాలు నేలకి ఆనిన సంగతి గమనించడం అలవాటు చేద్దాం. కూతలో ఊపిరి నిలపడం రోజూ నేర్పుతున్నాం. కోపం వచ్చినప్పుడు అదే ఊపిరిని వాడుకోవడం ఎందుకు నేర్పకూడదు?

గుంటూరు రిఫరీ:
మాస్టారూ, మీ ఉద్దేశం మంచిదే. కానీ కోర్టులో పనిచేసేది కార్డు. గ్రీన్ అంటే హెచ్చరిక, ఎల్లో అంటే రెండు నిమిషాలు బయట, రెడ్ అంటే ఇక ఆ మ్యాచ్‌లో లేనట్టే. స్కూళ్ల మధ్య గ్రిగ్స్ ఆటల పోటీలు జరిగిన కాలం నుంచి చూస్తున్నాను, రూలు గట్టిగా ఉన్నచోట పిల్లలు బుద్ధిగానే ఆడతారు. టచ్ తేల్చాల్సింది రిఫరీ. ఆటగాళ్లే తేల్చుకుంటే మేమెందుకు?

అరండల్‌పేట నాన్న:
మా అబ్బాయి చెయ్యెత్తాడు సార్. జిల్లా సెలక్షన్‌కి ముందు మ్యాచ్‌లో. రిఫరీ చూడలేదు, వీడే వెళ్లి చెప్పాడు. ఒక్క పాయింట్‌తో ఓడారు. టీమ్‌లో పిల్లలు చాలా రోజులు వాడితో మాట్లాడలేదు. నేను వాణ్ణి మెచ్చుకున్నాను, మెచ్చుకుంటూనే లోపల కుమిలిపోయాను. స్పోర్ట్స్ కోటా సీటుకి సర్టిఫికెట్ అడుగుతారు, నిజం చెప్పావా అని ఎవరూ అడగరు. ముందు ఆ సంగతి చూడండి, ఊపిరి సంగతి తర్వాత.

బ్రాడీపేట సైకాలజీ:
బ్రిటన్ స్కూళ్లలో మైండ్‌ఫుల్‌నెస్ మీద, అంటే మాస్టారు చెప్పినట్టు ఊపిరినీ ఒంటినీ గమనించుకునే సాధన మీద, ‘మిరియడ్’ అని పెద్ద అధ్యయనం జరిగింది. ఎనిమిది వేలకు పైగా పిల్లలు పాల్గొన్నారు. 2022లో ఫలితాలొచ్చాయి. మామూలు పాఠాలు విన్న పిల్లల కంటే ఈ సాధన నేర్చుకున్నవాళ్ల మానసిక ఆరోగ్యం మెరుగుపడిందేమీ కనబడలేదు. చాలామంది ఇంటిదగ్గర సాధన చేయనే లేదు. అది ఆటల్లో ప్రవర్తనను కొలిచిన అధ్యయనం కాదనుకోండి. అయినా పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి కళ్లు మూయిస్తే సరిపోతుందనుకునే స్కూళ్లు దాన్ని పట్టించుకోవాలి. మాస్టారు చెప్పినట్టు ఆటలోనే కలిపితే నాకు నమ్మకం ఉంది.

స్వీయ నాయకత్వం అనే ఆలోచనను 1980ల్లో అమెరికాలో ఛార్లెస్ మాంజ్ అనే మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ ఉద్యోగుల కోసం ముందుకు తెచ్చారు. లక్ష్యం తనే పెట్టుకోవడం, తన తీరు తనే గమనించుకోవడం, తనతో తను మాట్లాడుకునే మాట మార్చుకోవడం. మన పిల్లాడికి నోటుబుక్కులో రెండు లైన్లు చాలు: ఇవాళ కోపం ఎప్పుడొచ్చింది, అప్పుడేం చేశాను. ఒక్క విన్నపం, ఆ పుస్తకం సార్ దిద్దకూడదు. దిద్దితే పిల్లలు సార్‌కి నచ్చేదే రాస్తారు.

గుణదల ఖోఖో అక్క:
అందరూ పిల్లల గురించే మాట్లాడుతున్నారు. గట్టు మీద పెద్దవాళ్ల సంగతేంటి? మేం ఆడే రోజుల్లో, ఆధిక్యంలో ఉంటే ‘కాలు పట్టుకుని కూర్చో, టైం పోనీ’ అని చెప్పిన పెద్దవాళ్లున్నారు. దొంగ నొప్పి మాకు పుట్టుకతో రాలేదు, నేర్పారు. ముందు కోచ్ ఒక ఊపిరి వదిలి, ఆ తర్వాత అరవాలో వద్దో తేల్చుకోవాలి. తండ్రులూ అంతే, ఏమనుకోకండి అన్నయ్యా.

పటమట పీఈటీ:
రిఫరీ గారూ, మీ కార్డు తప్పు జరిగాక బయటికొస్తుంది. నేనడిగేది అంతకు ముందు క్షణం గురించి. పళ్లెంలాంటి డిస్క్ విసురుకునే అల్టిమేట్ ఫ్రిస్బీ అనే ఆటలో ప్రపంచ పోటీల్లో కూడా ఫౌల్‌ని ఆటగాళ్లే చెప్పుకుంటారు. ఆట అయ్యాక ఒక జట్టు ప్రవర్తనకి ఇంకో జట్టు మార్కులేస్తుంది. అక్కడ సాధ్యమైంది మన ప్రాక్టీస్‌లో ఎందుకు కాదు? మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. ఆర్చరీలో వ్యక్తిగత పోరులో ఒక్కో బాణానికి ఇరవై సెకన్లే. పోయిన బాణం మీద చిరాకు ఆలోపే దించుకోవాలి. అది పుట్టుకతో వచ్చేది కాదు, సాధన.

పెద్ద క్రికెట్‌లోనూ ఇలాంటిది జరిగింది. 1980లో ముంబై వాంఖడేలో ఇంగ్లండ్‌తో గోల్డెన్ జూబ్లీ టెస్టు. అంపైర్ అవుటిచ్చిన బాబ్ టేలర్‌ని మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ వెనక్కి పిలిచి ఆడించాడు.

అరండల్‌పేట నాన్న:
ఆ మ్యాచ్ మనం పది వికెట్ల తేడాతో ఓడాం సార్, అదీ చెప్పండి. విశ్వనాథ్‌కి అప్పటికే పేరుంది, ఒక్క ఓటమితో ఆయనకి పోయేదేం లేదు. పదో తరగతి పిల్లాడికి ఆ ఒక్క మ్యాచే అవకాశం. అక్క చెప్పిన మాట మాత్రం ఒప్పుకుంటాను. గట్టు మీద మేం అరుస్తుంటే పిల్లాడికి ఏ ఊపిరీ ఆడదు.

గుంటూరు రిఫరీ:
ప్రాక్టీస్ వరకైతే నాకు అభ్యంతరం లేదు. మ్యాచ్‌లో మాత్రం ఒప్పుకోను. ఎదుటి జట్టు చెయ్యెత్తకపోతే నిజం చెప్పినవాడే నష్టపోతాడు. ఆ అన్యాయాన్ని ఆపడానికే మేం ఉన్నది.

పటమట పీఈటీ:
అరండల్‌పేట సార్, జిల్లా సెలక్షన్ నా చేతిలో లేదు. మా స్కూల్ జట్టు ఉంది. చెయ్యెత్తి పాయింట్ పోగొట్టుకున్న పిల్లాణ్ణి తర్వాతి మ్యాచ్‌లో తప్పకుండా మొదటి ఏడుగురిలో దింపుతాను, హెడ్మాస్టర్ అడిగినా ఇదే చెబుతాను. మీ అబ్బాయిని శనివారం సాయంత్రం మా గ్రౌండుకి పంపండి. తనేం చేశాడో మా పిల్లలకి తనే చెప్పాలి.

అరండల్‌పేట నాన్న:
పంపుతాను. మీలాంటి పీఈటీ ఉంటే వాడికి అంత ఒంటరితనం ఉండేది కాదు. కానీ సెలక్టర్ల కాగితంలో రైడ్ పాయింట్లకీ ట్యాకిల్ పాయింట్లకీ గడులున్నాయి, ప్రవర్తనకి ఒక గడి పెట్టించేదెవరు? ఇక్కడ సెలక్షన్ కమిటీల్లో కూర్చునేవాళ్లు ఎవరైనా ఉంటే జవాబివ్వండి.